చాటలో గంగామణి లెక్కలు

చాటలో ఉన్న చెరుకు ముక్కలు తినకండి. అవి గంగామణి లెక్కలు. రొట్టెలు, పప్పు ఉట్టి మీద ఉన్నాయి. చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే చందూరు బస్సుకు పోతున్నాను. గంగామణిని పక్కింటి అంజవ్వ దగ్గర ఉండమన్నాను, డ్యూటీ దిగి రాగానే తెచ్చుకోండి.

రేపు బడిలో సగానికి మూడో వంతు కలపమని బోర్డు దగ్గరికి పిలుస్తారట. రాకపోతే బడి మానేసి అంజవ్వతో బీడీలు చేస్తానని ఏడ్చింది. అందుకని ఒక గడను రెండుగా, ఇంకో గడను మూడుగా నరికి చూపించాను.

"అమ్మా, మూడో వంతే పెద్దగుంది గద!" అంది. చూస్తే రెండో గడ పొడుగు. సమానమైన గడలు ఏరి మళ్లీ నరికాను. ఈసారి ఒక్కో గడలో ఒక్కో ముక్క తీసి, "మొత్తం ఐదు ముక్కలు, నేను తీసింది రెండు. ఐదుల రెండు వంతులు" అంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా ఎలా తగ్గుతుంది? తప్పని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

ఒకే గడను ఆరు ముక్కలు చేయాలని సారు చెప్పారట, చేశాను. సగమంటే మూడు ముక్కలు, మూడో వంతంటే రెండు. కలిపితే ఐదు. ఐదు ఏమిటి, గడలా, వంతులా? అక్కడే ఆగిపోయాను. మీరు చెప్పండి. అరవకండి, అరిస్తే వచ్చిందీ మరిచిపోతుంది. అది చదివేది ఐదో తరగతి, మీకు గుర్తుందో లేదో.

ఇప్పుడే చాట చూశాను, ఆరింటిలో ఐదు ముక్కలే ఉన్నాయి. ఒకటి నములుతూ, చాట చూపించి, "జవాబు గిదే గద అమ్మా!" అని అంజవ్వ ఇంట్లోకి ఉరికింది. తెలిసే అన్నదో, తిని తప్పించుకున్నదో నాకు అర్థం కాలేదు. మీరే అడగండి. నవ్వుతూ అడగండి.