అమ్మ వీపు కొలత

తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. ‘అందరమూ క్షేమం’ అని రాయడం అలవాటే గాని, ఈసారి ఆ మాటకు చెయ్యి రాలేదు. మీరంతా కులాసా అని తలుస్తాను.

నీ పదోన్నతి సభకు అడిగిన కోటు ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నువ్వు ఎంచిన బూడిదరంగు గుడ్డే. దాని సంగతి తర్వాత రాస్తాను. అంతవరకూ పొట్లం విప్పకు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. మొదటిది, అమ్మ నడుంనొప్పి తగ్గిందా అని. తగ్గలేదు. అది నడుంనొప్పి కాదు. వెన్నులో మూడు పూసలు నలిగిపోయాయి. అమ్మ పడలేదు, జారలేదు. మీ ఇంట్లో దిండు గలీబు మారుస్తుంటే ఒకసారి కలుక్కుమందట, అంతే.

ఈ సంగతి డాక్టరమ్మ కంటే ముందు నా టేపు చెప్పింది. అమ్మ మీ ఇంటినుంచి వచ్చిన మర్నాడు, తన పాత గౌన్లు వెనక పైకి లేస్తున్నాయంటే కొలత తీశాను. నా కొలతల పుస్తకంలో అమ్మ పేజీ నీకు తెలుసు, పదకొండేళ్లుగా తేదీ వేసి రాస్తున్నాను. వీపు పొడవు ఒకటిన్నర అంగుళం పెరిగింది. ముందు పొడవు అంగుళం తగ్గింది. టేపు పట్టడంలో పొరపాటేమోనని మళ్లీ తీశాను. మూడోసారికి అమ్మ, “ఎన్నిసార్లు కొలిచినా నేనే కదరా,” అంది.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, ఎముకల బలానికి ఆర్నెల్లకోసారి వేసే సూది ఎప్పుడు ఆపారని. నేను ఆపలేదు, నువ్వు ఆపావు. నీ దగ్గర ఉన్న పద్నాలుగు నెలల్లో అయిదో నెలలో ఎముకల పరీక్ష బాగా వచ్చిందని, గట్టిపడ్డాయిగా, ఇంకా పొడిపించుకోవడం ఎందుకని అమ్మతో అన్నావట. ఆ గట్టితనాన్ని నిలబెట్టిందే సూది. అది ఆగితే, అంతవరకూ అదుపులో ఉన్న అరుగుదల ఒక్కసారిగా విరుచుకుపడుతుందట. ఏళ్ల తరబడి కూడిన బలం నెలల్లో పోతుందట. పూసలు ఒకటితో ఆగక వరసగా నలగవచ్చట. డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “ఆపడమే తప్పని అనను. ఆపితే దాని బదులు మరో మందు వేళకు మొదలుపెట్టాలి. ఆపేసి ఊరుకోకూడదు.”

నువ్వు వంతెనలు కట్టించే ఇంజనీరువి. స్లాబు కింద ఆసరాలు అడక్కుండా తీసిన మేస్త్రీని పనిలోంచి పంపేశానని నాకే గొప్పగా రాశావు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, చిరిగిన కోట్లు విప్పి చూసి కుట్టు నేర్చుకున్నవాణ్ని. వంతెనల సంగతి నాకు తెలియదు. అమ్మ వెన్ను కింద ఆసరా తీసిన మేస్త్రీ ఎవరో మాత్రం తెలుసు.

రెండో ప్రశ్న, అమ్మ ఫోనులోకి ఎందుకు రావడం లేదని. పావుగంటైనా కూర్చోలేకపోతోంది. పడుకుని మాట్లాడితే గొంతు పట్టిస్తుందని భయం. “స్నానాలగదిలో జారానని రాయరా. వాడి సభ అయిపోనీ,” అంది. రాయనన్నాను. “చిన్నప్పట్నుంచీ వాణ్ని నిలబెట్టి అడగడమంటే నీకు సరదా,” అని నవ్వబోయి, మంచంపట్టె పట్టుకుంది.

నా మీద కోపమా అని మూడోది. కోపం కాదు, కక్ష. ఇప్పుడు పొట్లం విప్పు. కోటుకు భుజాలు నీవి, చేతులు నీవి, వీపు పొడవూ ముందు పొడవూ మాత్రం అమ్మవి. అద్దం ముందు తొడుక్కో. నిటారుగా నిలబడితే వీపున గుడ్డ ముడుచుకుంటుంది, ముందు అంచు పైకి లేస్తుంది. ముందుకు వంగు. ఇంకొంచెం. ఇప్పుడు చక్కగా ఒదిగింది కదా? సభలో అలాగే నిలబడు.

ఇక్కడితో ముగిస్తే నాకు హాయిగా ఉండేది.

అమ్మను నీతో పంపిన రోజు నేనిచ్చిన చీటీ గుర్తుందా? పద్దెనిమిది అంశాలు. ఏడోది సూది తేదీ. కారు దగ్గర అది పైకి చదివి, “అన్నయ్యా, అమ్మను పంపుతున్నావా, కుట్టమని గుడ్డ ఇస్తున్నావా?” అన్నావు. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. ఆ తేదీ నా పుస్తకంలోనూ ఉంది. ఆ తేదీ వచ్చిన ఉదయం చూశాను. వాడే అడగనీ అని పుస్తకం మూసేశాను. తర్వాత వచ్చిన నీ ఉత్తరంలో సూది మాట కోసం వెతికాను. లేదు. అయినా ఫోను చేయలేదు. పదకొండో నెలలో ‘అమ్మకు నడుం పట్టేసింది’ అని రాశావే, ఆ మాట కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఎప్పుడైనా నీ ముందు పెట్టడానికి దాచుకున్నాను. ఇంత జరుగుతుందని తెలియదు. తేదీ దాటిందని తెలుసు. నేను గీత గీసిన నాటికి ఎన్ని పూసలు బాగున్నాయో డాక్టరమ్మను అడిగే ధైర్యం రాలేదు.

సూది మళ్లీ మొదలుపెట్టారు. తర్వాతిది మార్చి తొమ్మిది. నా గోడమీద రాశాను, నీ గోడమీదా రాసుకో. ఆ రోజు నేను మరచినా, మూతి ముడుచుకు కూర్చున్నా, నువ్వు ఫోను చెయ్యి.

నీ గుడ్డలో ఇంకో కోటుకు సరిపడా మిగిలింది. నా భుజాలకు, అమ్మ వీపు కొలతకు కుట్టాను. అది తొడుక్కునే ఈ ఉత్తరం రాస్తున్నాను. బల్ల మీదికి వంగి ఉన్నంతసేపూ బాగానే ఉంది.

ఇట్లు,
నీ అన్నయ్య