తీసేసిన పేరా

ఆబిడ్స్, హైదరాబాద్
ఆదివారం పొద్దున

బిడ్డా శ్రీనిధీ,

అమ్మ దీవెనలు. గీడ మామయ్య, అత్తమ్మ, నేను అందరం మంచిగనే ఉన్నం. ఉత్తరమంటే గిట్లనే మొదలుపెట్టాలె గనక పెట్టిన. ఎంత మంచిగున్నమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తది.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్ ఉండంగ ఉత్తరాలేందని అత్తమ్మ నవ్వింది. ఫోన్‌ల మాట్లాడితే ముందర గదిలో అందరు వింటరని నీకూ ఎరుకే, నాకూ ఎరుకే. నా మోకాలి నొప్పి తగ్గింది. దవాఖానకు పోలే, నూనె రాసుకుంటున్న. నువ్వడిగిన ఆస్తి బదిలీ చట్టం పుస్తకం కోఠిలో దొరికింది. ఎవరో పెన్సిల్‌తోని గీతలు కొట్టిన్రు గానీ పేజీలన్నీ ఉన్నయ్. హాస్టల్ నీళ్లు పడకపోతే కాచి తాగు.

"నలభై ఎనిమిదేండ్లకు మళ్ల క్లాసులేందమ్మా" అని రాసినవ్. వకీళ్లకు ఇండ్లు, భూముల కాగితాలు చూసుడు, ఆఫీసు సక్కగ నడుపుడు నేర్పిస్తమని నాంపల్లిలో ఆరు శనివారాలు శిక్షణ పెట్టిన్రు. మామయ్యనే నా పేరు రాయించిండు. "సర్టిఫికెట్ ఉంటే బ్యాంకుల పని వస్తది ప్రభా. నాకు తీరిక లేదు, నువ్వు పో" అన్నడు. ఎప్పటిలెక్కనే సరే అన్న. మీ నాన్న పోయినప్పుడు నువ్వు నాలుగేండ్ల పిల్లవి. అన్న మనిద్దరినీ తెచ్చి పై అంతస్తుల పెట్టిండు, లా చదివిన నన్ను కింద తన వకీలు ఆఫీసుల కూసోబెట్టిండు. పద్దెనిమిదేండ్ల సంది మెట్లు దిగితే ఆఫీసు, ఎక్కితే ఇల్లు. సరే అనకపోతే ఎక్కడ నిలబడాలె నేను?

పాఠాలు చెప్పేది నర్మద మేడమ్. నాకంటె పదేండ్లు చిన్నది, మస్తు చెప్తది. వెనక బెంచీల కూసొని నోట్సు రాసుకుంటుంటే మొదటి రెండు వారాలు నిజంగ సంబురమైంది. మూడో శనివారం అందరికీ ఒక జిరాక్స్ పంచింది. పేర్లన్నీ నల్లగ కొట్టేసి ఉన్నయ్. "ఒక ఇల్లు కొనేవాళ్లకు కాగితాలు చూసి ఒక వకీలు ఇచ్చిన అభిప్రాయం ఇది. ఉచిత న్యాయ సహాయం ఆఫీసు నుంచి వచ్చింది, పేర్లు నాకూ తెల్వవు. దీంట్ల తప్పేందో పట్టండి" అన్నది.

రెండు వరుసలు చదివిన్నో లేదో గుర్తుపట్టిన. అవి నా వాక్యాలు బిడ్డా.

పక్కన కూసున్న రవికిరణ్ అనే కుర్ర వకీలు అయిదు నిమిషాల్ల పట్టేసిండు. "మేడమ్, చనిపోయిన తండ్రికి ముగ్గురు పిల్లలు. ఇల్లు అమ్మింది ఇద్దరు కొడుకులే. బిడ్డ సంతకమేది?" క్లాసంతా నవ్విన్రు. "గీ వకీలు కండ్లు మూసుకొని రాసిండా ఏంది!" అని ఎవరో అన్నరు. నర్మద మేడమ్ మాత్రం నవ్వలే. "మూసుకున్నడో, ఎవరన్న మూసిన్రో మనకు తెల్వదు. కింద సంతకం ఎవరిదో జవాబు కూడ వాళ్లదే" అన్నది. నేను కాగితం మడిచి సంచీల పెట్టుకున్న.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్నది చెప్త. నేను కండ్లు మూసుకోలే.

నాలుగేండ్ల కింద సుబ్బరత్నం అనే రిటైరైన నర్సు, హిమాయత్‌నగర్ సందుల ఒక పాత చిన్న ఇల్లు కొందామని కాగితాలు పట్టుకొని మన ఆఫీసుకొచ్చింది. అమ్మే అన్నదమ్ములు మామయ్యకు పాత క్లయింట్లు. ఆయన వాళ్ల దిక్కు ఉన్నడు గనక ఆమె కాగితాలు నాకిచ్చిండు. ఆ అన్నదమ్ముల చెల్లె సంతకం లేదని నేను చూసిన. ఆమె తన వాటా వదులుకున్నట్టు రాసిస్తెనే కొనాలని నా అభిప్రాయంల ఒక పేరా రాసిన. మామయ్య ఎర్ర పెన్నుతోని దాన్ని అడ్డంగ కొట్టేసిండు.

"ఆ చెల్లె ఎప్పుడో పెండ్లయి పోయింది. ఆమె ఏం అడగదు" అన్నడు.

"అడిగితే అన్నా?"

"నువ్వు ఎవరి ఆఫీసుల కూసున్నవ్ ప్రభా?"

పేరా తీసేసి, మళ్ల టైపు చేయించి సంతకం పెట్టిన. ఒక చెల్లె హక్కును కనబడకుండ చేసింది ఇంకో చెల్లె చెయ్యి.

నాలుగో శనివారం ఆఫీసు నడుపుడు గురించి పాఠం. అమ్మేటోళ్లకు, కొనేటోళ్లకు ఒకటే ఆఫీసు పని చెయ్యద్దని, ముందుగాల అదే చూసుకోవాలెనని మేడమ్ చెప్పింది. అందరు రాసుకున్నరు, నేనూ రాసుకున్న. ఆ సోమవారమే సుబ్బరత్నం గారు కోర్టు సమన్లు పట్టుకొని వచ్చిన్రు. అమ్మినోళ్ల చెల్లె తన వాటా కోసం దావా వేసింది. సుబ్బరత్నం గారు ముందుగాల ఉచిత న్యాయ సహాయం ఆఫీసుకు పోయి నా అభిప్రాయం కాగితం అక్కడ ఇచ్చిన్రట.

"అమ్మా, మీరు బాగుందన్నారనే కొన్నాను. మిమ్మల్ని దెబ్బలాడ్డానికి రాలేదు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి చాలు" అన్నరు.

నేను నోరు తెరిచేలోపల మామయ్య లోపలి నుంచి, "పాత ఫైలు దొరుకుతలేదమ్మా, వెతికిస్తం" అన్నడు. ఫైలు నా వెనక బీరువాలనే ఉంది. ఆమె నా మొఖం దిక్కే చూసిన్రు. నేను టేబుల్ దిక్కు చూసిన.

తెల్లారి మామయ్య కోర్టుకు పోయినంక బీరువా తీసిన. ఎర్ర పెన్ను గీతలున్న ఆ మొదటి కాగితం తీసుకొని హిమాయత్‌నగర్ పోయిన. సుబ్బరత్నం గారు కండ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివిన్రు.

"అయితే మీకు తెలుసన్నమాట."

"ఔ. తెల్సు."

ఆమె తిట్టలేదు. కూర్చోమని కూడ అనలేదు. గడపల నుంచే వచ్చేసిన.

ఆమె ఆ అన్నదమ్ముల మీద మోసం కేసు పెట్టిన్రు. పోలీసులు నాకోసం ఆఫీసుకు ఫోన్ చేసిన్రు. గట్ల మామయ్యకు తెలిసింది. ఆయన అరుస్తడనుకున్న. అరవలే. "పైన ఉండు, కింద కూసో. ఎక్కడికి పోతవ్?" అన్నడు. అంతే, పదకొండు రోజులైంది, మళ్ల మాట లేదు. నన్ను వెళ్లగొట్టడు, వెళ్లగొడితే నలుగురూ ఎందుకని అడుగుతరు. నా అంతల నేను పోదామంటే నాకు తెలిసిన క్లయింట్లందరు ఆయనోళ్లే. రోజూ అదే కుర్చీల కూసుంటున్న. అత్తమ్మ అన్నం పెడుతుంది, మొఖం చూడదు. నా లైసెన్సు ఉంటదో పోతదో తెల్వదు.

నువ్వు అన్నిటికంటె ముందు రాసిన ప్రశ్నకు జవాబు చివరికొచ్చింది. పరీక్షలయినంక మామయ్య ఆఫీసుల చేరాల్నా, బోర్డు మీద నీ పేరు రాయిస్తనన్నడని అడిగినవ్. వద్దు బిడ్డా. ఆయన నిన్ను మంచిగనే చూస్తడు, నన్నూ మంచిగనే చూసిండు. అందుకే వద్దంటున్న. నిన్న క్లాసయినంక నర్మద మేడమ్‌కు ఆ జిరాక్స్ చూపించి, ఇది నాదే అని చెప్పిన. తర్వాత ఆమె ఆఫీసుల నీకు పని దొరుకుతదా అని అడిగిన. "రమ్మనండి, పని చూసి చెప్తా" అన్నది. నీకు ఇష్టమైతెనే పో.

రేపు నాంపల్లి కోర్టుల మేజిస్ట్రేట్ ముందు నా వాంగ్మూలం. అన్న పేరు చెప్పాలె. నా పేరూ చెప్పాలె. భయమైతుంది.

నన్ను మెచ్చుకుంట రాయకు, నాలుగేండ్లు నోరు మూసుకున్నదాన్ని. కోపమొస్తే కోపంగనే రాయి. గానీ రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అమ్మ
ప్రభావతి