ఎముక చెప్పని మొహం

9 మార్చి, ఆదివారం
వర్క్‌షాపు మేడ మీది గది

గౌరవనీయులైన అక్కగారికి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ తలనొప్పి కూడా క్షేమంగానే ఉందని తలుస్తాను. మ్యూజియంలో నీ కొత్త హాలు ప్రారంభమైన రోజు, పెద్దవాళ్ళంతా నీకోసం వెతుకుతుంటే తలనొప్పని చెప్పి టీ చుక్కైనా తాగకుండా కారెక్కి వెళ్ళిపోయావు కదా, అందుకని అడుగుతున్నాను.

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళకి ఏదో కొత్త మందు రాసుకుంటోంది, ఆ ఘాటుకి ఇంట్లో ఎవ్వరం కూర్చోలేకపోతున్నాం. నీ ఫోటో పేపర్లో పడిందని పక్కింటివాళ్ళకీ, ఎదురింటివాళ్ళకీ, ఆఖరికి గ్యాసు బండ తెచ్చిన అతనికి కూడా చూపించింది.

సరే, అసలు సంగతికొస్తాను. నిన్న మా ఓనరు నన్ను పిలిచాడు. నీ హాలుకి నేను చేసిచ్చిన ఆ బొమ్మ మొహం మార్చి ఇవ్వమని నువ్వు ఫోన్ చేశావట. ఎందుకండీ అని ఆయన అడిగితే, అది అచ్చం మా చెల్లెల్లా ఉంది, వచ్చినవాళ్ళంతా అదే మాట అంటున్నారు, పాపం దానికి నామోషీగా ఉంటుంది, నోరు తెరిచి చెప్పుకోలేదు అన్నావట. నాకు నవ్వాగలేదే అక్కా. చేతిలో ఉన్న రంగు డబ్బా కింద పెట్టి మరీ నవ్వాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకట?

అయినా నా నామోషీ మీద నీకింత దిగులు ఎప్పట్నుంచి? ఆ రోజు భోజనాల దగ్గర ఏమైంది ఈ దిగులు? నువ్వప్పుడు పెద్ద చదువులో ఉన్నావు. ఎక్కడో ఒక దీవిలో గుహ తవ్వితే మూడున్నర అడుగుల మనుషుల ఎముకలు దొరికాయనీ, ఎప్పుడో అంతరించిపోయిన జాతి అనీ, ఆ దీవి పేరు మీదే దానికి హోమో ఫ్లోరెసియెన్సిస్ అని పేరు పెట్టారనీ చదివి వినిపించావు. అందరికంటే ఆశగా విన్నది నేనే. పాపం అంత చిన్న మనుషులు ఏం తిని బతికేవాళ్ళో అని అడిగాను కూడా. నువ్వు తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, అంతరించిపోయిందని ఎవరన్నారు, మనింట్లో ఒకటి అన్నం తింటోంది కదా అన్నావు. నాన్న పొలమారేదాకా నవ్వాడు.

అంతే, ఆ పూట నుంచి నేను ఫ్లోరీనైపోయాను. ఇంట్లో ఫ్లోరీ, వీధిలో ఫ్లోరీ, నా స్నేహితులకీ ఫ్లోరీ. ఈ వర్క్‌షాపులో చేరిన మొదటిరోజు, ఇక్కడైనా నా పేరుతో పిలుస్తారని సంబరపడ్డాను. మధ్యాహ్నానికల్లా నువ్వే వచ్చి, మా ఫ్లోరెసియెన్సిస్‌ని జాగ్రత్తగా చూసుకోండి, చెయ్యి జారితే దొరకదు అని అందరికీ పరిచయం చేసి వెళ్ళావు. వద్దే అక్కా, నా పేరుతో పిలవవే అని నీ కాళ్ళావేళ్ళా పడ్డాను. శాస్త్రంలో మొదట పెట్టిన పేరే చెల్లుతుంది, తర్వాత ఎవరు ఏడ్చినా మార్చరు అన్నావు. మరి నువ్వు పుట్టించిన పేరుకంటే ముందు అమ్మ పెట్టిన పేరు ఒకటి ఉంది కదా! నీ శాస్త్రం ప్రకారం చూసినా గెలుపు నాదే. కానీ ఆ జవాబు నాకు అప్పుడు తట్టలేదు, బస్సెక్కాక తట్టింది. ఎప్పుడూ ఇంతే నా బతుకు.

ఇదంతా నేను మరిచిపోగలిగేదాన్నే. ఆ ఫోటోగ్రాఫర్ సంగతి మాత్రం మరిచిపోలేను. మా బొమ్మలకి ఫోటోలు తీయడానికి వచ్చేవాడు. నాతో మాట్లాడాలంటే పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవాడు, వంగి మాట్లాడేవాడు కాదు. నాకు నచ్చాడు. ఇంట్లో మాట్లాడతానని తనంతట తనే వచ్చాడు. నువ్వు ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుని, పిల్లలు పుడితే ఇంట్లో పెంచుతారా, అద్దాల పెట్టెలో పెట్టి మాకిచ్చేస్తారా అన్నావు. నువ్వన్నందుకు కాదే. అతను నవ్వాడు. చిన్నగానే నవ్వాడు, వెంటనే ఆపేశాడు కూడా, కానీ నేను చూశాను. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ నవ్వుకి నిన్ను నేనీ జన్మలో క్షమించను. ఇది మర్యాద కోసం మెత్తగా రాయాలని చూశాను, చేతకాలేదు.

ఇన్నేళ్ళకి నీ హాల్లో నిలబెట్టడానికి ఆ జాతి ఆడమనిషి బొమ్మ కావాల్సొచ్చింది. ఓనరు ఆ పని నాకిచ్చాడు. కొలతలకి వేరే వెతుకులాట దేనికి, అద్దంలో చూసుకుంటూ చేసెయ్యమని నువ్వే కబురు పెట్టావు. ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. పుర్రెకి పోతపోసిన నకలు మీద మట్టి అద్దాను, అచ్చు తీశాను, రబ్బరు చర్మం పోశాను, వెంట్రుకలు ఒక్కొక్కటీ సూదితో గుచ్చాను. దాని మీద మాత్రం నాకు కోపం లేదు. పాపం అదేం చేసింది?

అందుకని, నా గురించి నువ్వు బెంగ పెట్టుకోవద్దు. ఆ బొమ్మ నాలా ఉందన్నా నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి మరీ ఓనరు చేతికిచ్చాను. పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులంటారు, నాకున్నది ఒక్కటే, అది నువ్వు నేర్పిందే. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఎవరూ లేరు కాబట్టి మనిద్దరం నిజం మాట్లాడుకుందాం. ఆ మొహం నాది కాదని నీకు తెలుసు. చూసిన మరుక్షణం తెలిసింది, నీ చెయ్యి నీ కనురెప్ప మీదికి వెళ్ళడం నేను చూశాను. కనుబొమల గట్టు, చుబుకం లేని దవడ, ఈ రెండూ ఎముక చెప్పినట్టే చేశాను, అందులో వెంట్రుకవాసి తేడా లేదు. పెదవులు, రెప్పలు, చెవులు ఎలా ఉంటాయో ఎముక చెప్పదు, అది చేసేవాళ్ళ ఇష్టం. అక్కడంతా నిన్ను పెట్టాను. ఆ వాలిన ఎడమ రెప్ప నీది. ఒకర్ని నలుగురిలో నవ్వులపాలు చేసేముందు నీ మూతి ఎలా బిగుస్తుందో, ఆ బిగువు నీది. నా జీవితంలో అంత బాగా చూసిన మొహం ఇంకొకటి లేదు మరి.

నలుగురూ గుర్తుపడతారనుకున్నాను. ఒక్కరూ గుర్తుపట్టలేదు. నీ మొహం పెట్టినా, పొట్టిగా ఉందని నేనే అనుకున్నారు. అమ్మ అయితే దాని చెంప తడిమి, అచ్చం నా చిన్నదేనే అంది. నిన్నూ నన్నూ కన్న అమ్మ! బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఏడ్చి, మొహం కడుక్కున్నాక అర్థమైంది, ఇదే మేలని. వాళ్ళు గుర్తుపట్టి ఉంటే ఒక పూట నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు రోజూ నీ హాల్లో నువ్వే నిలబడి ఉంటావు, ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నీ స్టూడెంట్లని వెంటబెట్టుకుని దాని ముందుకి వెళ్ళాలి, దాని పేరు నీ నోటితో చెప్పాలి.

మొహం మార్చాలంటే కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపాలంటున్నాడు ఓనరు. చెల్లెలికి నామోషీ అన్న కారణం ఇక పనికిరాదు, అది నేను కొట్టేయించాను. నీకు మిగిలింది ఒక్కటే కారణం. రాయి.