నా పేరున పడిన ఓటు

అబుదాబి,
జూలై 2024

అన్నయ్యకు,

నిన్న నువ్వు ఫోన్లో అన్న మాటకు ఇంకా ఒళ్ళు మండుతోంది. "మన రెండు ఓట్లూ ఆళ్ళకే వేసేశానే. ఈ పరాయోళ్ళు మరీ ఎక్కువైపోయారు" అన్నావు.

ఫ్రాన్సు ఎన్నికల మొదటి విడతలో నా బదులు ఓటు వెయ్యమని నీకు అధికారం ఇచ్చాను. ఎవరికి వెయ్యాలో కూడా చెప్పాను. నువ్వు సరేనన్నావు. తీరా నా ఓటు వలసవచ్చేవాళ్ళకు తలుపులు మూస్తామనే పార్టీకి వేశావు.

ఫ్రెంచివాళ్ళు యానాం వదిలినప్పుడు తాతయ్య ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోబట్టే నువ్వు పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నావు. అందులో నీ గొప్పేముంది? మీ బావ కాకినాడలో పుట్టారు, ఆయనకు ఆ అదృష్టం లేదు. నాతో ఫ్రాన్సు రావాలని, ఇక్కడ డ్యూటీ దిగి వచ్చి ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. స్పీకర్లో నీ మాట విని పుస్తకం మూసేశారు.

ఈ ఉదయం ఎంబసీకి వెళ్ళి నీకిచ్చిన అధికారం రద్దు చేయించాను. ఆదివారం అందరూ మళ్ళీ ఓటేసే రెండో విడతలో నా ఓటు మీ ఎదురింటి నాదియా వేస్తుంది. అవును, అల్జీరియా నుంచి వచ్చి ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్న ఆవిడే. వదిన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ పిల్లలకు వండిపెట్టిన ఆవిడే. అడగ్గానే, "ఎవరికి వెయ్యాలో చెప్పు, వాళ్ళకే వేస్తాను" అంది.

పోలింగు దగ్గర ఆవిడ ఎదురైతే పక్కకి తప్పుకుని దారివ్వు.

నీ చెల్లెలు