పొగ కోసం వెలిగించిన పొయ్యి

రేగడిపల్లె, కోయిలకుంట్ల తాలూకా
దుర్మతి సంవత్సరం, పుష్య బహుళ పంచమి

ప్రియమైన మా ఓబులమ్మ నాయన గారికి నాగలక్ష్మి నమస్కరించి రాయునది.

మీరు మేతకని ఎద్దులను తోలుకొని నల్లమలకు పోయి రెండు నెలలు దాటింది. అడవి గడ్డి బండ్లు తోలే ఖాసిం వలి మీరున్న ఆత్మకూరు పోతున్నాడని తెలిసి ఈ జాబు ఆయన చేతికి ఇస్తున్నాను. ఇక్కడ అందరమూ ఉన్నాము. బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు.

గరిసెలో జొన్నలు అడుగంటాయి. ఒక పూట బలుసాకు ఉడకబెట్టి ఉప్పు చల్లుకుంటున్నాము. రెండో పూట ఏమీ లేదు. అయినా ఆ పూట కూడా పొయ్యి వెలిగించాలని మామ పట్టు. పచ్చి తుమ్మకొమ్మలు పెడితే పొగ బాగా లేస్తుందని ఆయనే కొట్టి తెస్తున్నారు. పెద్ద ఈరన్న ఇంట్లో పొయ్యి ఆరిందని తన గురించి ఊళ్ళో ఎవరూ అనుకోకూడదట. మన చిన్నోడు మహానందికి ఇవన్నీ ఏం తెలుసు? పొగ చూసి, కూడు ఉడుకుతోందని గిన్నె తెచ్చుకొని నా పక్కన కూర్చుంటాడు.

లాజరు అయ్యవారి బడిలో సర్కారు వాళ్ళు గంజి పోయడం మొదలుపెట్టారు. జొన్నపిండి, ఉలవలు కలిపి చిక్కగా కాస్తున్నారు. బడి పిల్లలకే కాదు, చంటిపిల్లల తల్లులకూ, ముసలివాళ్ళకూ పోస్తారు. మన ఓబులమ్మ చదివేది ఆ బడిలోనే కదా. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలందరూ వరుసగా కూర్చుంటారు. ఇది ఒక్కతే లేచి ఇంటికి వస్తుంది. మామ అట్లా రమ్మన్నారు. ఎండలో వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ పోతుంది. తిన్నావా అని ఎవరైనా అడిగితే తిన్నానని చెప్పాలట.

నేను మామను ఒకసారి అడిగాను. "ఆ ధాత ఏటి కరువులో మన వాకిట్లో ఊరికంతా గంజి పోసినాం. పోసినోళ్ళ బిడ్డలు పోయి చెయ్యి చాపల్లనా?" అన్నారు. మళ్ళీ అడగలేకపోయాను.

మీరు ఒక్క మాట రాస్తే ఆయన వింటారు. ఎద్దులు ఎట్లా ఉన్నాయో కూడా రాయండి. మామ రోజూ వాటి గురించే అడుగుతారు. మీరు పోయే రోజు ఎద్దులు లేకుండా గడప తొక్కవద్దని ఆయన అన్న మాట నేను మరవలేదు.

ఇట్లు,
మీ నాగలక్ష్మి


ఆత్మకూరు
పుష్య బహుళ ద్వాదశి

ప్రియమైన నాగలక్ష్మికి హనుమన్న ఆశీర్వదించి రాయునది.

నీ జాబు అందింది. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

పిల్లలను గంజికి పంపవద్దు. నాయన మాట కోసమని కాదు, నేనే చెబుతున్నాను. ఆ వరుసలో కూర్చోవడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. పోసేవాడు మన ముఖం చూడడు. మనం వాడి ముఖం చూడలేము. పక్కన ఎవరున్నారో చూడాలన్నా భయమే, తెలిసినవాడైతే ఏం చేయాలి? ఒకసారి కూర్చున్నవాడు లేచేటప్పటికి పాత మనిషిగా ఉండడు. పిల్లలకు ఆ గతి వద్దు. ఎట్లాగైనా గడపండి.

ఇక్కడ మేత దొరుకుతోందని నాయనకు చెప్పు. ఖాసిం వలి చేత కొంచెం ఇప్పపువ్వు పంపుతున్నాను. చిన్నోడికి ఉడకబెట్టి పెట్టు.

నీ
హనుమన్న


రేగడిపల్లె
మాఘ బహుళ తదియ

ప్రియమైన ఓబులమ్మ నాయన గారికి,

మీరు పంపవద్దన్నారు, పంపలేదు. ఓబులమ్మ పక్షం కింద ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ దారిలో పడిపోయింది. లాజరు అయ్యవారు ఎత్తుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మామ తలుపు సగమే తెరిచారు. పిల్లకు బడి గదిలో వేరుగా గంజి పోస్తానని, ఎవరి కంటా పడనివ్వనని అయ్యవారు బతిమాలారు.

"చాటుగా తినేది దొంగలప్పా" అని మామ పిల్లను తీసుకొని తలుపు వేశారు.

ఆ రోజు నుంచి బడి కూడా మాన్పించారు. వాకిలికి లోపల గొళ్ళెం పెట్టి, దానికి అడ్డంగా మంచం వేసుకొని పడుకుంటున్నారు. నేను బయటికి పోయి పదిహేను రోజులవుతోంది. పెరటి గోడ వెంట ఉన్న బలుసాకే ఇప్పుడు మాకు కూడు. ఇంట్లో ఎవరమూ పెద్దగా మాట్లాడుకోము. మాట్లాడితే ఆకలి ఎక్కువవుతుంది. మహానంది కడుపు ఉబ్బింది, కాళ్ళు పుల్లలైనాయి. ఏడుపు కూడా మానేశాడు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఒక మాట రాయకపోతే పాపం తగులుతుంది. మామ తన వంతు పిల్లలకే పెట్టి నీళ్ళు తాగి పడుకుంటున్నారు. రాత్రిళ్ళు ఓబులమ్మ అరికాళ్ళు ఒత్తుతారు. ఆయన రాక్షసుడైతే ఎప్పుడో తోసుకొని పోయేదాన్ని.

మీరు ఎద్దుల గురించి సరిగా రాయలేదు. నల్లమల పచ్చిక తిని నున్నగా తయారైనాయని మామకు నేనే కల్పించి చెప్పాను. ఆ పూట ఆయన ముఖం చూడాల్సింది.

ఆయన పేరనే ఒక జాబు రాయండి. ఇది పెరటి గోడ మీదుగా ఖాసిం వలి భార్య గుల్షన్ బీకి అందిస్తున్నాను.

మీ నాగలక్ష్మి


ఆత్మకూరు
ఫాల్గుణ శుద్ధ నవమి

ప్రియమైన నాగలక్ష్మికి,

నాయనకు రాయమన్నావు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆయనకు చెప్పే ముఖం నాకు లేదు. ఎందుకని అడగవద్దు.

పిల్లలను వెంటబెట్టుకొని ఇక్కడికి రావాలని మాత్రం అనుకోవద్దు. నాకు ఇంటికి రావాలని ఉంది. రాలేను. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. నేను తప్పు పట్టను.

హనుమన్న


రేగడిపల్లె
దుందుభి సంవత్సరం, చైత్ర శుద్ధ దశమి

ప్రియమైన ఓబులమ్మ నాయన గారికి నాగలక్ష్మి నమస్కరించి రాయునది.

మీ జాబును ఖాసిం వలి గోడ మీదుగా ఇచ్చినప్పుడు, ఎద్దులు బతికి ఉన్నాయా అని ఆయననే సూటిగా అడిగాను. ఆయన తల దించుకున్నాడు. నేను గోడ దగ్గర నుంచి కదలలేదు.

"పుష్యమాసంలోనే పోయినాయమ్మా. హనుమన్న రోడ్డు మీద కంకర కొడతాండాడు. మధ్యాహ్నం ఆడనే సర్కారు గంజి తాగుతాండాడు, తువాలు మొగానికి కప్పుకొని. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు" అన్నాడు. ఆయనను ఏమీ అనకండి. చెప్పినందుకు వాళ్ళ పిల్లలు సల్లగా ఉండాలి.

నాకు మొదట ఏడుపు రాలేదు. మీరు తింటున్నారు అనుకున్నాను, అంతే. తర్వాత చిన్నోణ్ణి చంకనేసుకొని, ఓబులమ్మ చెయ్యి పట్టుకొని మంచం దగ్గరికి పోయాను.

"ఎద్దులు పోయినాయి మామా. మీ కొడుకు ఆత్మకూరులో తువాలు మొగానికి కప్పుకొని గంజి తాగుతాండాడు. తాగుతాండాడు కాబట్టే బతికుండాడు. మంచం జరపండి" అన్నాను. ఆయనతో నేను అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను చిన్నోణ్ణి కిందికి దించి మంచం కోడు పట్టుకొని లాగాను. మనిషి పడుకొని ఉన్న మంచం, బరువుగా ఉంటుందని బలమంతా పెట్టాను. అది ఊరికే వచ్చేసింది. ఆయన అంత తేలికైపోయారని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే గొళ్ళెం తీశాను.

బడిలో గంజి వరుస దగ్గరికి పోయాము. ఎవరో జరిగి చోటిచ్చారు, కొందరు మా వైపు చూడలేదు. నేనూ మీలాగే తల దించుకొనే కూర్చున్నాను. గంజి చిన్నోడి నోట్లో పోస్తే మొదట మింగడం రాలేదు. వేలితో నాలుక మీద రాశాను. కొంతసేపటికి వాడే నా చెయ్యి పట్టుకొని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత ఎవరు చూస్తున్నారో నాకు పట్టలేదు.

మామ ఇంట్లోనే ఉండిపోయారు. గంజి బడి దాటించకూడదని సర్కారు నియమం. లాజరు అయ్యవారు చూడనట్టు ముఖం తిప్పుకుంటే చెంబులో తెచ్చి ఇచ్చాను. ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం బడి గుమ్మంలో నీడ పడింది. చూస్తే మామ, కర్ర మీద ఆనుకొని నిలబడి ఉన్నారు. గంజి పోసే మనిషి చేతిలో గరిటె ఆగిపోయింది. ఓబులమ్మ కొంచెం పక్కకు జరిగింది. ఆయన అక్కడ కూర్చున్నారు. అడుగు దాకా తాగారు.

చెయ్యి కడుక్కున్నాక నా వైపు చూడకుండానే, "వానికి రాయి. ఎద్దుల మాట నేనడగను. రమ్మను" అన్నారు. కర్ర అందుకుంటూ, "మొగం కప్పుకోవద్దని రాయి" అన్నారు.

ఖాసిం వలి బండి తిరిగి వచ్చేటప్పుడు మీరూ దాంట్లో ఎక్కండి. మధ్యాహ్నం వేళకు ఊరు చేరితే ఇంటికి పోవద్దు, తలుపు తీసేవాళ్ళు ఉండరు. నేరుగా బడికి రండి. అందరమూ అక్కడే ఉంటాము.

ఎదురుచూస్తూ,
మీ నాగలక్ష్మి