కొబ్బరుండల పరీక్ష

రామచంద్రపురం
చెల్లెలు అమ్మాజీకి,
నువ్వు అబద్ధాల ప్రచారకురాలివి. చిన్నమెదడు జబ్బుతో నా కనుపాపలు వాటంతటవే కిందికి కొట్టుకుని, పేపర్లో అక్షరాలు గెంతుతుంటే, కాకినాడ నరాల డాక్టరు కౌముది గారు ఫోర్-అమైనోపిరిడిన్ మాత్రలిచ్చారు. కళ్ళు నిలిచాయి. ఆ ఘనత నువ్వు పంపే అమ్మవారి కొబ్బరుండలదని పిఠాపురమంతా చాటుతున్నావట. ఫోన్‌లో మధ్యలో ఏడుస్తావని ఉత్తరం రాస్తున్నాను. వెంటనే ఖండన ఇవ్వు.
హేతువాది, నీ అన్నయ్య
సూర్యప్రకాశం
తా.క. ఉండలు పంపడం ఆపమనలేదు.

పిఠాపురం
అన్నయ్యకి నమస్కారాలు.
మాత్రలూ ఉండలూ ఒకే రోజు మొదలెట్టావు కదా. ఏది పనిచేసిందో నీకెలా తెలిసింది? రుజువు లేనిదే నమ్మొద్దని ఊరూరా చెప్పేది నువ్వే కదా.
నీ చెల్లి అమ్మాజీ
తా.క. పక్కింటి ఉషారాణి గారూ ఇదే అడిగారు. పాపం, నవ్వకుండానే.

అమ్మాజీకి,
న్యాయమైన ప్రశ్న. సోమవారం నుంచి వారం పాటు మాత్రలు బంద్, ఉండలే తింటాను. అక్షరాలు మళ్ళీ గెంతుతాయి. అదే రుజువని మా హేతువాద సంఘం కాకినాడ సభలో చెబుతాను. డాక్టరు గారిని అడగలేదు. సత్యానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.
సూర్యప్రకాశం
తా.క. ఉమాశ్రీ అడ్డుపడింది. మీ వదినకి శాస్త్రీయ దృక్పథం తక్కువ.

అన్నయ్యకి,
నీతో వాదించి ఎవరు గెలిచారు కనక. ఒక్క నియమం. రెండు పూటలా ఉండ వదిన మడి కట్టుకుని ఇస్తేనే ప్రసాదం. డబ్బాలో నువ్వు చెయ్యి పెడితే పరీక్ష చెల్లదు.
అమ్మాజీ

అమ్మాజీకి,
వారమైంది. కళ్ళు కదల్లేదు. పంచాంగంలో చిన్న అక్షరాలు కూడా చదివాను, ఎవరికీ చెప్పకు. రుజువుకి తలవంచనివాడు హేతువాది కాడు కనక సంఘానికి రాజీనామా రాశాను. శుక్రవారం గుడికి వస్తున్నాను. పూర్తిగా గుండేనా, నాలుగు వెంట్రుకలిస్తే ఊరుకుంటారా?
ఓడిన అన్నయ్య
తా.క. ఉండలు ఈమధ్య చేదుగా ఉంటున్నాయి. అమ్మవారి దగ్గర బెల్లం అయిపోయిందా?

అన్నయ్యకి,
ఆ రాజీనామా పోస్టు చెయ్యకు. నువ్వు పరీక్ష అనగానే నేనూ వదినా డాక్టరు గారికి ఫోన్ చేశాం. “మానేస్తే కళ్ళు కొట్టుకోవడం మళ్ళీ మొదలండి, తూలి పడతారు కూడాను. ఈ మాత్ర పొడి చేసినా పర్లేదండి, కానీ వారం దాటకుండా ఆయనకి చెప్పెయ్యండి” అన్నారు. ఏ పూట మాత్ర ఆ పూట ఉండలో వదిన కలిపింది. మడి పెట్టింది నువ్వు వంటింట్లోకి రాకుండా. నాకు అమ్మవారి మీద నమ్మకముంది, మాత్రల మీదా ఉంది. నీ మీదే లేదు.
నీ చెల్లి అమ్మాజీ
తా.క. నా డిమాండ్లు:
ఒకటి. రేపట్నుంచి మాత్ర నీ చేత్తో నువ్వే వేసుకో. రెండు పూటలవీ ఒకేసారి మింగకు, ఫిట్స్ వస్తాయట.
రెండు. డాక్టరు గారు రమ్మన్నప్పుడల్లా వెళ్ళు.
మూడు. వదిన మీద కేకలెయ్యకు.
నాలుగు. శుక్రవారం భోజనానికి రా, జుట్టుతోనే.
ఐదు. అమ్మవారిని ఎంతైనా విమర్శించు, మాత్ర వేసుకున్నాకే.