కర్పూరం తిరిగే నీళ్ళు

నవంబర్ 10
పొర మళ్ళీ చెడింది. ల్యాబు తొట్టిలో నీళ్ళ మీద స్టియరిక్ ఆమ్లం చుక్క. పరుచుకుంటుంది, ఒక్క అణువు మందాన. తొట్టికి అడ్డంగా ఉన్న పట్టీ మెల్లగా జరిగి అణువుల్ని దగ్గరికి నెడుతుంది. ఒక్కో అణువు తల నీళ్ళలో, తోక గాల్లో, అన్నీ నిటారుగా నిలబడాలి... నిలబడవు.
ల్యాబు మేడం: "శుక్రవారం దాకా తొట్టి నీది. తర్వాత ఇంకొకరికి." ఈలోగా గాజు పలక మీద ఇరవై పొరలు ఎక్కాలి.

నవంబర్ 11
కొంచెం తొట్టి నీళ్ళు పళ్ళెంలో పోసి కర్పూరం పలుకు వేసినాను. నీళ్ళు శుభ్రంగా ఉంటే పరుగెత్తుతుంది. కదల్లేదు. ఎక్కడో నూనె ఉంది.
నా తలే. జడ సర్దిన వేళ్ళతోనే గ్లౌజులు తొడుక్కుంటాను.

నవంబర్ 12
తలస్నానం. నూనె పెట్టలేదు. నాయన వేకువనే బోటెక్కి పోయినాడు.
అమ్మ: "ఏమ్మే, ఇంట్లో ఎవురన్నా పోయినారా? నాయన సముద్రం మీదుంటే ఎండు తలతో తిరగతావా?"
"శుక్రవారం దాకానేమా."
"ఆయనొచ్చేదీ శుక్రవారమే."

నవంబర్ 13
కర్పూరం పరుగెత్తింది!
పలక మునుగుతుంది, లేస్తుంది. మునిగినప్పుడొక పొర, లేచినప్పుడొక పొర. నీళ్ళలోంచి పొడిగా పైకొస్తుంది, చుక్క అంటదు. చూస్తూ ఉంటే నేనే మునిగి లేస్తున్నట్టు... పది పొరలు.
ఇంటికొచ్చే బస్సు కోట ఊరు దాటినాక రొయ్యల గుంటల మీద బూడిదరంగు వెలుతురు. ఏ నీళ్ళ మీద ఏం నిలబడి ఉందో. వాయుగుండం అంటున్నారు. పక్కూరి బోట్లు తిరిగొచ్చేసినాయంట.

అదే రోజు, సాయంత్రం
అమ్మ నూనె గిన్నెతో వచ్చింది. "ఒక్క చుక్క పెట్టుకోమ్మే." ఎందుకు కూడదో చూపిద్దామని పళ్ళెంలో నీళ్ళు పోసి కర్పూరం వేసినాను. గిరగిరా తిరిగింది. అమ్మ నవ్వింది. "నీ వేలు ముంచు," అన్నాను. నూనె వేలు.
ఆగిపోయింది.
"ఆగిపోయిందేమ్మే..."
"నూనెమా. నూనె వల్ల."
వినలేదు. చూపించకుండా ఉండాల్సింది.

నవంబర్ 14
శుక్రవారం. బోటు రాలేదు. నాయన ఫోను పలకదు.
లేచేసరికి అమ్మ పళ్ళెం ముందు కూర్చొని ఉంది. పళ్ళేన్ని బూడిదతో తోమినట్టుంది. కర్పూరం తిరుగుతోంది. కరిగి సన్నబడితే ఇంకో పలుకు వేస్తుంది.
"నువ్వు పో. ఆ తలతోనే పో. ఆయనొచ్చేదాకా ఇది ఆగకూడదు. ఇటు పక్కకి మటుకు రావాక."
ఇంకా పది పొరలు. పోవాలో, ఉండాలో. బస్సు మలుపు దగ్గర హారన్ కొడుతోంది.
అమ్మ తల తడిగా ఉంది. నూనె గిన్నె అటక మీద పెట్టేసింది.